డాక్టర్ చెప్పిన మాహోల్

నాకు కోపం ముక్కు మీదనే ఉంటదని మా చాల్ బిల్డింగుల అందరికీ ఎరుకే. నల్లా కాడ, సండాస్ లైన్ కాడ, రేషన్ దుకాణం కాడ, ఏడ లొల్లి అయినా ముందుగాల నా గొంతే ఇనపడ్తది. "భూదేవక్క దిగింది, ఇగ అయిపాయె" అని నవ్వుతరు. అబద్ధమెందుకు, గా మాట ఇంటె నాకు లోపల మస్తు ఖుషీ అయితుండె. ఇప్పుడు ఎవరన్నా గట్లంటె పానం ఉసూరుమంటది. ఎందుకో చెప్త, ఇనుండ్రి.

మాది కామాటిపుర ఆరో గల్లీ. మా తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ముంబైల గోడలకు రాళ్లు మోసిండు. ఈ జాగకు పేరే మా కామాటోళ్ల మీదికెళ్లి వచ్చింది. నేను ఈడనే పుట్టిన, ఈడనే పెండ్లయింది, మా ఆయన ఈడనే పోయిండు. చీరలకు ఫాల్ కుట్టుకుంట నా బిడ్డ ప్రతీక్షను చదివించిన. అది ఇప్పుడు ఫాక్‌లాండ్ రోడ్ అవతల ఒక ల్యాబ్‌ల పరీక్షలు చేసే పని చేస్తది. నాకు మరాఠీ, హిందీ రెండూ తెలుగు లెక్కనే వస్తయి. ఊర్ల నుంచి కొత్తగ వచ్చినోళ్లకు బ్యాంకుల గానీ, దవాఖానల గానీ నేనే పోయి మాట్లాడ్త.

పెంటమ్మ గట్ల ఊరి నుంచి వచ్చిన మనిషే. మక్తల్ దిక్కోళ్లు. నా పక్క ఖోలీల కిరాయికుంటది. మొగడు పోయిండు, పిల్లలు లేరు. పొద్దుగాల నాకా చౌరస్త మీద కూలోళ్లతోని నిలబడి, మేస్త్రీ పిలిస్తె పోయి పాత బిల్డింగుల గోడలకు గిలాబు కొట్టి రాల్చే పని చేస్తది. నలభై ఆరేండ్లుంటయి. మాట తక్కువ. నేను పది మాటలంటె తను ఒక్కటంటది, అదీ నేను ఊపిరి పీల్చుకునేటప్పుడు సందు చూసుకొని.

ఒక ఐతారం నాడు తలుపు దగ్గరకేసి నా చెయ్యి పట్టుకొని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకున్నది.

"అక్కా, గిది జర చూడు."

చేతికి గట్టిగ తగిలింది. నిమ్మకాయంత ఉన్నది.

"ఎన్నొద్దులాయెనే ఇది?"

"దీపావళి అప్పటికెళ్లి. నొప్పి లేదు గదా అని ఊకున్న."

సంక్రాంతి గూడ పోయి వారమైంది. "నీకు అకల్ ఉన్నదా? ఇన్నొద్దులు ఎవ్వలికీ చెప్పకుంట ఎట్లుంటివి? పక్కనే సచ్చినట్టు పడుంటి గదనే నేను!" అని తిట్టి తిట్టి నేనే ఏడ్చిన. ఏడ్వాల్సిన మనిషి నాకు నీళ్లిచ్చింది.

తెల్లారే సర్కారీ పెద్ద దవాఖానకు తోలుకపోయిన. ఫోటోలు తీసిండ్రు, సూది పెట్టి చిన్న ముక్క తీసిండ్రు, ఇయ్యాల రా, రేపు రా అని పదిసార్లు తిప్పిండ్రు. నేను కుట్టు పని పక్కన పెట్టి పదిసార్లూ పోయిన. గందుకు నేను గొప్పదాన్ని అని చెప్తలేను. నేను లేకుంటె గా మనిషి ఏ కిటికీ కాడ నిలబడాలెనో గూడ తెల్వది, గంతే. మూడు వారాలకు రిపోర్ట్ వచ్చింది.

ఆనాడు మమ్మల్ని పిలిచిన డాక్టర్ పేరు తుషార్. పడుసు పిల్లగాడు, ముప్పై దాటినయో లేదో. కండ్ల కింద నల్లగ ఉన్నది, నిద్ర లేనట్టున్నడు. మా ఎనక ఎనభై మంది లైన్ల ఉన్నరు. పేరడిగిండు, వయసడిగిండు. "కహాఁ రెహతే హో?" అని ఏడుంటమో అడిగిండు. నేను "కామాటిపుర, ఛట్టీ గల్లీ" అని చెప్పిన. రాస్తున్న పెన్ను ఆగింది. నేను చూసిన. నా కండ్లు ముందుగాల గదే చూస్తయి.

అటెంక రిపోర్టును అటు తిప్పి ఇటు తిప్పి చాన సేపు చదివిండు. చదివి, పెంటమ్మ దిక్కు చూడకుంట నా దిక్కు చూసి చెప్పిండు. గాంఠ్ కన్నా, అంటె గడ్డ కన్నా, ఎక్కువ పరేషానీ దాని ఆస్‌పాస్ మాహోల్‌తోనే ఉన్నదట. మాహోల్, గదే చుట్టుపక్కల ఉండేది, చాన ఖరాబున్నదట. గదే దాన్ని పాలు పోసి పెంచుతున్నదట. "పెహలే వో మాహోల్ బదల్‌నా పడేగా" అన్నడు.

మీకు గీ మాట మామూలుగనే ఇనపడొచ్చు. కామాటిపురల పుట్టినోళ్లకు గట్ల ఇనపడది. మా గల్లీలల్ల కొన్నింట్ల ఒళ్లమ్ముకునెటందుకు లైన్‌గ నిలబడే ఆడోళ్ల బతుకులు ఎట్లుంటయో దునియాకంతా ఎరుకే. గా ఒక్క ముచ్చట కోసం పద్నాలుగు గల్లీలోళ్లనూ ఒక్క గాటికే కట్టేస్తరు. ట్యాక్సీవాలా "ఆ మాహోల్‌కు నేను రాను" అంటడు. ఇస్కూల్ల టీచర్ "గా మాహోల్ పిల్లలు గట్లనే ఉంటరు" అంటది. రెండేండ్ల కింద ఠాణే నుంచి మనోళ్లే, తెలుగోళ్లే, ప్రతీక్షను చూసుకోను వచ్చిండ్రు. పిల్లగాడు ఒప్పుకున్నడు. చాయ్ తాగిండ్రు, పిండివంటలు తిన్నరు. మెట్లు దిగుకుంట వాళ్ల మేనత్త అన్నది: "పిల్ల బంగారం లెక్కనే ఉన్నది. మాహోల్ చూసినవా?" నేను పై మెట్టు మీదనే ఉన్న. గా సంబంధం గంతటితోనే పోయింది. నా బిడ్డ ఏడ్వలే. గది ఏడ్వకుంట ఉన్నందుకు నాకు ఇంకింత కోపమొచ్చింది.

గా మాటనే గీ డాక్టర్ అన్నడు. అడ్రస్ చెప్పంగనే అన్నడు. ఇగ నాకు నెత్తికెక్కింది.

"క్యా బోలా? మా మాహోల్ ఖరాబా? మీ దవాఖాన గోడలు ఎవలు కట్టిండ్రనుకుంటున్నవ్? మా తాతలు కట్టిండ్రు! రోగానికి మందియ్యరా అంటె మా గల్లీ మీద పడ్తవా?" అని హిందీల, మరాఠీల, నడిమిట్ల తెలుగుల గూడ అందుకున్న. గా పిల్లగాడు లేచి నిలబడి "మావ్‌షీ, సునియే తో, మేరా మత్‌లబ్..." అంటనే ఉన్నడు. నేను ఇనే రకమా? ఫైల్ గుంజుకొని, పెంటమ్మ రెక్క వట్టుకొని బయిటికొచ్చిన. లైన్ల నిలబడ్డ ఎనభై మంది మమ్మల్నే చూస్తున్నరు. నేను గెలిచినట్టే నడిచిన.

బస్టాప్ కాడ పెంటమ్మ అడిగింది.

"ఏమన్నడక్కా?"

"ఏమంటడు! మన జాగనే ఖరాబట. చుట్టుపక్కల మంచిగ లేదట. గదే రోగాన్ని పెంచుతున్నదట. ముందుగాల గది మార్చాలెనట. వాని మొఖం!"

"మందులేం రాయలేదా?"

"రాసేదాక నేనుంటెనా? వేరే డాక్టర్ను చూద్దాం తియ్యి."

నేను చెప్పిందాంట్ల డాక్టర్ మాట ఏదో, నా కోపం ఏదో తనకెట్ల తెలుస్తది? "వాని మొఖం" అన్నది నా మాట అని అనుకున్నది. కడమదంత డాక్టర్ మాట అనుకున్నది. మూడో నాడు మూట కట్టుకొని నా తలుపు కాడికొచ్చింది.

"జాగ మార్చమన్నడంటివి గద. మా తమ్ముడు ఊరికి రమ్మన్నడు. ఆడ గాలి మంచిగుంటది."

గప్పుడన్నా నేను ఆపాలె. "అది మందు కాదే, గది వాని పొగరు" అనన్నా అనాలె. అనలే. పెండ్లిళ్ల సీజన్, చీరలు గుట్టపడి ఉన్నయి, పది రోజులకు తిరిగొస్తది గదా అనుకున్న. పులిహోర కట్టిచ్చి బస్సెక్కిచ్చిన. ఫైల్ నా ఇంట్లనే ఉండిపోయింది. దాన్ని చూస్తెనే మంట లేస్తుండె, గందుకే అటక మీదికి ఇసిరేసిన.

దవాఖాన నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. ఫైల్ల నా నంబరే ఉన్నది మరి. మొదటిసారి "మీకు మా మాహోల్ నచ్చలే గద, గందుకే మా మనిషి ఊరికి పోయింది" అని పెట్టేసిన. రెండోసారి గంత గూడ చెప్పలే, కట్ చేసిన.

మూడోసారి ఫోనొచ్చినప్పుడు నేను పూరీలు చేస్తున్న, చేతులు పిండిల ఉన్నయి. ప్రతీక్ష ఎత్తింది. గది "హో, హో" అనుకుంట చాన సేపు ఇన్నది. దాని మొఖం మారిపోయింది. ఫోన్ పెట్టి, స్టూలేసుకొని అటక మీది ఫైల్ దించి, కింద కూసొని ఒక్కొక్క కాయితం చదివింది.

"ఆయీ," అన్నది, నా బిడ్డ నన్ను మరాఠీలనే పిలుస్తది, "ఆనాడు డాక్టర్ ఏమన్నడో ఉన్నదున్నట్టు చెప్పు. నీ మాటలొద్దు, ఆయన మాటలు చెప్పు."

చెప్పిన. చెప్తుంటె మల్ల కోపమొచ్చింది. అది నొసలు కొట్టుకున్నది.

"మాహోల్ అంటె మన గల్లీ కాదే ఆయీ! గడ్డ చుట్టూ ఉండే మాహోల్. రొమ్ము లోపలిది."

నాకు సమజ్ కాలే. రొమ్ముల మాహోల్ ఏందని లొల్లి పెట్టిన. గది ఓపికతోని చెప్పింది, అప్పుడప్పుడు హిందీలకు పోయి, మల్ల నా కోసం తెలుగులకొచ్చి.

గడ్డ అంటె ఉత్త క్యాన్సర్ కణాల ముద్ద కాదట. దాని చుట్టూ మన సొంత కణాలే చానా ఉంటయట. గాయమైతె మాన్పేవి కొన్ని, నెత్తురు తెచ్చే సన్న నాళాలు, రోగంతోని కొట్లాడే తెల్ల కణాలు. ఇవన్ని మంచిగుంటె చెడ్డ కణం ఒకటి పుట్టినా, దాన్ని ఏండ్ల తరబడి పెరగకుంట ఆపి పెట్టగలవట. కని క్యాన్సర్ ఊకె ఉండదు. పక్కనున్నవాటిని తన దిక్కు తిప్పుకుంటది. గాయం మాన్పే కణాలకు ఈడ గాయమైంది, రాండ్రి అని చెప్పినట్టు చేస్తదట. పాపం గవి నిజమే అనుకొని వచ్చి, నారలు అల్లి, గడ్డ చుట్టూ గట్టిగ గోడ లెక్క కడ్తయట. గా గోడ గడ్డకే అక్కరకొస్తది. అది పాకెటందుకు గా నారలే దారి అయితయి. కొట్లాడే కణాలు గోడ అవతలనే నిలబడిపోతయి, లోపలికి రాలేవు.

"పెంటమ్మత్తకు గట్లనే ఉన్నది. రిపోర్ట్‌ల రాసిండ్రు, చుట్టూ బాగా గట్టివడ్డదని, కొట్లాడే కణాలు లోపల చాన తక్కువున్నయని. అసొంటి గడ్డ జల్ది ముదురుతది. గందుకే ముందుగాల కీమో మొదలుపెట్టి, గడ్డ చిన్నగైనంక గా ముక్క వరకే కోసి, రొమ్మును కాపాడుదామనుకున్నరు. తారీఖు గూడ పెట్టి, గది చెప్పెటందుకే ఫోన్ చేసిండ్రట. గా తారీఖు పోయి ఏడు వారాలైంది."

ఏడు వారాలు. పూరీ మాడిన వాసనొస్తున్నది, నాకు లేవాలెననిపియ్యలే. నా మనసుల ఒక్కటే తిరుగుతున్నది. గా కణాలు చెడ్డయి కావట. మాన్పెటందుకే వచ్చినయట. వచ్చి గడ్డకు గోడ కట్టినయట. నేనూ గంతే గదా. పదిసార్లు దవాఖానకు తిప్పింది నేనే, డాక్టర్ను తనకు అందకుంట చేసింది గూడ నేనే. పెంటమ్మకు నా కన్నా దగ్గరోళ్లు ఈ ముంబైల ఎవలూ లేకుండె. గదే తన గాచారమైంది.

పెంటమ్మకు ఫోన్ చేసిన. గొంతు హుషారుగ ఉన్నది. "డాక్టర్ మంచిమాటే చెప్పిండక్కా. ఈడ ఆకలైతుంది, నిద్ర పడ్తుంది" అన్నది. "ఇంకో పరీక్ష ఉన్నదట, జల్ది రా" అని అబద్ధం చెప్పిన. "ఈడ మంచిగనే ఉన్న గద, మల్ల గా ఖరాబు జాగకు ఎందుకు? మిరప ఏరుడు అయినంక చూస్త" అన్నది. ఖరాబు జాగ! పెంటమ్మ నోట్లె గా మాట నేనే పెట్టిన.

"నువ్వు పోయి నిజం చెప్పాలె ఆయీ," అన్నది ప్రతీక్ష. "ఫోన్ల చెప్తె రాదు."

పోయిన. మా తాత ఇడిసిపెట్టి వచ్చిన దిక్కుకు నేను పోవుడు గది మూడోసారి. బస్సు దిగి తొవ్వ అడిగితె అక్కడి ఆడోళ్లు నా తెలుగు ఇని కిసుక్కున నవ్విండ్రు. "నువ్వు ఏ దేశపుదానివి అవ్వా?" అన్నరు. వేరే నాడైతె నలుగురినీ కడిగేస్తుంటి. ఆనాడు తల దించుకొని నడిచిన.

పెంటమ్మ తమ్ముని ఇంటి ముందట చాప మీద మిరపకాయలు ఆరబోస్తున్నది. నన్ను చూసి సంబురపడ్డది, లేచి చెంబుతో నీళ్లిచ్చింది. చెయ్యి పైకి లేపుడు కష్టమైతున్నది తనకు, నేను చూసిన. "ఏమైందే చెయ్యికి?" అంటె "చంక కింద జర వాసింది, మిరప ఏరుడుకు కావచ్చు" అన్నది. లోపలికి తోలుకపోయి చూసిన. నిమ్మకాయంత ఉన్నది దోసిట్ల పట్టేటంత అయింది. మీద తోలు గుంజుకపోయి నారింజ తొక్క లెక్క గుంటలు పడ్డది.

గక్కడనే, మంచం కోడు పట్టుకొని, అంత చెప్పిన. మాహోల్ అంటె ఏందో చెప్పిన. డాక్టర్ ఏమన్నడో, నేనేం ఇన్ననో, నేనేం చెప్పిననో చెప్పిన. ప్రతీక్ష సంబంధం ముచ్చట గూడ చెప్పబోయిన, గది సాకు లెక్క ఇనపడ్తదని ఆపుకున్న.

పెంటమ్మ రైక గుండీలు పెట్టుకున్నది. మెల్లగ పెట్టుకున్నది, ఒక్కొక్కటి.

"గోడ పగిలితె మేం పగులు మీదనే సిమెంట్ మెత్తి ఊకోం అక్కా," అన్నది. "చుట్టూ సుత్తెతోని కొట్టి చూస్తం. బోలుగ మోగినకాడికి అంత రాల్చుతం. గట్టి చప్పుడొచ్చేదాక ఆగం. గది ఆరొద్దులు కూలికొచ్చినోనికి గూడ ఎరుకే. డాక్టర్ గదే చెప్పిండు. నువ్వు ఉన్నదున్నట్టు చెప్తె నాకు సమజ్ అయితుండె."

"అయితుండెనే పెంటమ్మా. తప్పు నాదే."

"నీ గల్లీని అన్నరని నా పెయ్యి మీద తీసినవా కోపం?"

గంత పెద్ద మాట తన నోట్లకెళ్లి వస్తదనుకోలే. చెప్పుతోని కొట్టినా గంత తగలకపోతుండె. ఏడ్చిన. తను ఏడ్వలే, నన్ను ఊకోబెట్టలే గూడ. పొద్దుగూకే బస్సుకు మూట కట్టుకొని బయిటికొచ్చింది. ముంబై దాక కిటికీ దిక్కు మొఖం పెట్టుకొని కూసున్నది. నేను ఇడ్లీ కొనిస్తె తీసుకున్నది, తన పైసలతోని చాయ్ కొనుక్కున్నది.

దవాఖానకు పోయేనాడు ప్రతీక్ష సెలవు పెట్టింది. నేను రానని ముందుగాలనే అనుకున్న. ఏ మొఖం పెట్టుకొని పోవాలె? చెప్పులేసుకొని తయారైన పెంటమ్మ నా తలుపు కాడ ఆగింది.

"నువ్వూ రా. ప్రతీక్ష పక్కన కూసొని ఇంటది. చెప్పుడు మాత్రం నువ్వే చెప్పాలె."

గది నా మీద నమ్మకమో, నాకు శిక్షనో తెల్వలే. పోయిన.

తుషార్ డాక్టర్ నన్ను చూడంగనే గుర్తుపట్టిండు. నేను చేతులు జోడించి మాఫీ అడిగిన. ఆయన గాబరపడి "అరే మావ్‌షీ, నేనే సీదాగ చెప్పాల్సుండె. గా మాట మీకెట్ల ఇనపడ్తదో ఆలోచన చెయ్యలే" అన్నడు. ఆ పిల్లగాడు గట్ల అనేసరికి నాకు ఇంకింత సిగ్గయింది. పెన్నెందుకు ఆపినవని అడుగుదామనుకున్న, అడగలే. నిద్ర లేని మనిషి పెన్ను ఎందుకన్నా ఆగొచ్చు.

పెంటమ్మను లోపలికి తోలుకపోయి నర్సమ్మతోని చూసిండు, చంక కింద చూసిండు, కొత్త ఫోటోలు తీపిచ్చి చూసిండు. వచ్చి కూసున్నడు. గప్పుడు పెంటమ్మ నాతోని అన్నది.

"అడుగు అక్కా. గీ ఏడు వారాలల్ల నాకు ఏం పోయిందో అడుగు."

ప్రతీక్ష నా దిక్కు చూసింది. హిందీల అడిగిన, గా మాటలనే అడిగిన. డాక్టర్ మెల్లగ చెప్పిండు, చెప్పినకాడికి ఆగి నా కోసం చూసిండు. ఏడు వారాల వల్లనే ఇంత అయిందని ఖచ్చితంగ ఎవ్వరూ చెప్పలేరన్నడు. కని అప్పుడు తీసిన ఫోటోల చంకల ఏమీ లేకుండె అన్నడు. ఇప్పుడు చంకలకు పాకింది. అప్పుడైతె రొమ్ము దక్కుతుండెనేమో, ఇప్పుడు మొత్తం తీసెయ్యాల్సి వస్తది అన్నడు.

గా మొదటి మాట ఒక్కటి చెప్పి ఆగొచ్చు. "ఖచ్చితంగ చెప్పలేరట" అంటె సగం నిజమే గద. నా నోటి చివర దాక వచ్చింది, దేవుని మీద ఒట్టు. పెంటమ్మ నా పెదాలనే చూస్తున్నది.

"ఏడు వారాల వల్లనే అని ఖచ్చితంగ ఎవరూ చెప్పలేరట," అన్న. "కని అప్పటి ఫోటోల చంకల ఏం లేకుండెనట. ఇప్పుడు పాకిందట. అప్పుడైతె నీ రొమ్ము దక్కుతుండెనేమో అంటున్నడు. ఇప్పుడు మొత్తం తీసేస్తరట, పెంటమ్మా."

పెంటమ్మ ప్రతీక్ష దిక్కు చూసింది. ప్రతీక్ష తల ఊపింది. పెంటమ్మ చెయ్యి కొంగు మీదికెళ్లి ఎడమ దిక్కు పోయింది, ఆడ్నే ఉన్నది. కండ్లల్ల నీళ్లు గిర్రున తిరిగినయి, నేను చూసుడు గదే మొదటిసారి. నాకు లేచి పోయి గోడకు తల కొట్టుకోవాలెననిపించింది. కదలలే. కదిలితె చెప్పెటోళ్లు ఉండరు.

"ఇగ బతుకుతనా అడుగు," అన్నది. "ఏమంటె గదే చెప్పు."

అడిగిన. మందులున్నయి, గడ్డ మీదనే గాక చుట్టూ ఉన్నదాని మీద గూడ పని చేసే మందులున్నయి, చానమంది బతుకుతున్నరు, కని మాటియ్యలేను, రేపే మొదలుపెడ్దాం అన్నడు. "మాటియ్యలేను" అన్నదాన్ని గూడ ఇడవకుంట నేను తెలుగుల చెప్పిన.

అంత ఇని, తన ఫైల్ తీసి నా ఒళ్లె పెట్టింది.

"రేపు ఎన్నింటికి రావాలెనో అడగకపోతివి."

అడిగిన. "ఎనిమిదింటికట, పెంటమ్మా."

"అయితె ఏడింటికి తలుపు కొడ్త," అన్నది. "తయారుగుండు."